ఫారమిర్‌తో మొదలై గొల్లమ్ దగ్గర ఆగిన చిక్కుముడి: ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవలకీ సినిమాకీ మధ్య

టోల్కీన్ నవల ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ని పీటర్ జాక్సన్ మూడు సినిమాలుగా తీశాడు. వాటిలో రెండోది ‘ది టూ టవర్స్’ వచ్చేనాటికి నేను నవల రెండుసార్లు చదివేశాను. ఆబిడ్స్‌లో ఆదివారాలు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరిచే చోట కొన్న లావుపాటి కాపీ అది. అట్ట సగం ఊడిపోయి, వెనక సెల్లోటేపు వేసి ఉండేది. థియేటర్లో హెల్మ్స్ డీప్ కోట యుద్ధం చూసి అందరిలాగే నేనూ నోరెళ్లబెట్టాను. గొల్లమ్ తనతో తనే వాదించుకునే సీనులో కళ్లార్పలేదు. ఫారమిర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం కడుపు మండిపోయింది. నాకు ప్రాణమైన మనిషిని పట్టుకొచ్చి, అతని పేరుతో ఇంకెవరినో నిలబెట్టారు అనిపించింది.

ఇరవై ఏళ్లు దాటినా ఈ సినిమాల మీద గొడవ తెగలేదు. ఒకవైపు 2003 నాటి మూడో సినిమాకి వచ్చిన 11 ఆస్కార్లు. పోటీపడ్డ ప్రతి విభాగంలోనూ గెలిచింది. ఇంకోవైపు రచయిత టోల్కీన్ కొడుకు క్రిస్టఫర్. తండ్రి వదిలివెళ్లిన కాగితాలు సరిచేసి అచ్చువేయడానికే జీవితం ధారపోసిన ఆయన, 2012లో ఒక ఫ్రెంచి పత్రికతో మాట్లాడుతూ, నవల పేగులు తోడేసి కుర్రకారు కోసం యాక్షన్ సినిమా చేశారని బాధపడ్డారు. ఇద్దరి మాటా కొట్టిపారేయలేం. అందుకే “నవలకి న్యాయం చేశారా లేదా” అని అడిగినప్పుడల్లా చర్చ అక్కడక్కడే తిరుగుతుంది.

అసలు ఆ ప్రశ్నే సరైంది కాదని నాకు నెమ్మదిగా తెలిసొచ్చింది. కథ మారిందని గగ్గోలు పెట్టే అలవాటు మనకి పెద్దగా లేదు కూడా. లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణంలో లేదు. ‘మాయాబజార్’లో చూసిన శశిరేఖ పెళ్లి వ్యాసభారతంలో లేదు. అయినా రెండూ మనవైపోయాయి. మార్పు కనబడ్డప్పుడు నేను ఇప్పుడు అడిగేది వేరు: నవల్లో ఈ సన్నివేశం ఏ పని చేస్తోంది? సినిమాలో ఆ పని ఇంకెవరైనా అందుకున్నారా, లేక ఆ పనే ఎగిరిపోయిందా? ఈ ప్రశ్న పట్టుకుని ఫారమిర్ దగ్గర బయల్దేరితే దారి నన్ను నేను అనుకోని చోటికి తీసుకెళ్లింది.

నవల చదవనివాళ్ల కోసం రెండు ముక్కలు. సౌరాన్ అనే దుష్టశక్తి తన బలమంతా ఒక ఉంగరంలో పోసి పెట్టుకున్నాడు. అది తయారైన అగ్నిపర్వతంలోనే దాన్ని పడేస్తే తప్ప నాశనం కాదు. ఆ పని హాబిట్లనే పొట్టి జాతికి చెందిన ఫ్రోడో మీద పడింది. తోడుగా అతని తోటమాలి సామ్. దారి చూపించడానికి గొల్లమ్. ఒకప్పుడు ఆ ఉంగరం చాలాకాలం తన దగ్గరుంచుకుని, దానికోసం పిచ్చెక్కి, మనిషి రూపమే పోగొట్టుకున్నవాడు. సౌరాన్ దేశం మోర్డోర్ సరిహద్దుల్లో ఈ ముగ్గురూ, గొండోర్ అనే మనుషుల రాజ్యపు సేనాని ఫారమిర్ కంటపడతారు. ఫారమిర్ అన్న బోరొమిర్, అంతకుముందే ఆ ఉంగరం మీద ఆశపడి ఫ్రోడో మీద చెయ్యి చేసుకున్నాడు, ఆ వెంటనే పోరాడుతూ చనిపోయాడు.

ఇప్పుడు నవల్లో సీను. జలపాతం వెనకాల ఒక రహస్య గుహ. రాత్రి భోజనాలయ్యాయి. మాటల్లో పడి సామ్ నోరు జారి ఉంగరం సంగతి బయటపెట్టేస్తాడు. ఫారమిర్ లేచి నిలబడతాడు. పొడగరి, కళ్లు మెరుస్తున్నాయి. గొండోర్ సేనాని ఫారమిర్ తన సత్తా ఏమిటో చూపించుకునే అవకాశం ఇన్నాళ్లకొచ్చింది అంటాడు. హాబిట్లిద్దరూ గోడకి వీపులానించి కత్తుల పిడులు తడుముకుంటారు. గుహలో మనుషులందరి మాటలూ ఆగిపోతాయి. అప్పుడు ఫారమిర్ మళ్లీ కుర్చీలో కూర్చుని మెల్లగా నవ్వుతాడు. ఆ వస్తువు దారిలో పడున్నా తీసుకోనని నేను ముందే అన్నాను, అదేమిటో తెలియక అన్నమాటైనా సరే, నాకది ప్రమాణమే అంటాడు.

అంతే. ఆడినమాట తప్పని మనిషి. అతన్ని లొంగదీసుకోవడానికి ఉంగరానికి సందే దొరకలేదు.

టోల్కీన్‌కి ఈ పాత్ర మీద ఎంత మమకారమో ఆయన ఉత్తరాల్లో కనిపిస్తుంది. 1944లో నవల రాస్తూ రాస్తూ, ఒక కొత్త మనిషి కథలోకి వచ్చాడు, ఇతన్ని నేను కల్పించలేదు, రమ్మని పిలవనూ లేదు, ఇథిలియన్ అడవుల్లో నడుచుకుంటూ తనే వచ్చేశాడు అని కొడుక్కి రాశారు. తన పాత్రల్లో ఎవరైనా తనలా ఉన్నారంటే అది ఫారమిరేనని ఇంకోచోట చెప్పుకున్నారు. ఊళ్లని ముంచేసే పెద్ద అల గురించి ఆయనకి పదేపదే ఒక కల వచ్చేది. ఆ కలని కూడా ఫారమిర్‌కే ఇచ్చేశారు.

సినిమాలో? అదే గుహ, అదే మాట. డేవిడ్ వెన్హమ్ నటించిన ఫారమిర్ ఫ్రోడో మెడలో గొలుసుని కత్తి మొనతో పైకెత్తి, ఉంగరాన్ని చూస్తూ, తన సత్తా చూపించే అవకాశం వచ్చిందంటాడు. కూర్చోడు. నవ్వడు. ఉంగరం గొండోర్‌కి పోవాలంటాడు. ముగ్గురినీ కట్టేసి శిథిలనగరం ఒస్గిలియత్‌కి లాక్కెళతాడు. సౌరాన్ సేవకుడు నాజ్‌గూల్ ఎగురుతూ వచ్చి చేసిన దాడి, సామ్ కన్నీళ్ల మాటలు, ఇవన్నీ అయ్యాక గానీ మనసు మార్చుకోడు. నవల్లో ఏ మాటైతే మనల్ని ఒక్క క్షణం భయపెట్టి ఆ వెంటనే గౌరవంతో తలవంచేలా చేసిందో, సినిమా ఆ మాటనే తీసుకుని అర్థం తిరగేసింది. నా కోపమంతా అక్కడే.

స్క్రీన్‌ప్లే రాసిన ఫ్రాన్ వాల్ష్, ఫిలిప్పా బోయెన్స్, దర్శకుడు పీటర్ జాక్సన్ దీనికి రెండు కారణాలు చెబుతూ వచ్చారు. మొదటిది ఉంగరం బలం. కనిపించినవాళ్లందర్నీ లొంగదీసే వస్తువని రెండు సినిమాలుగా చెప్పుకొచ్చాక, ఒకడొచ్చి “నాకొద్దు” అని ఊరుకుంటే టెన్షన్ అంతా చప్పబడిపోతుందని. రెండోది కథ అల్లిక. రెండో సినిమాకి ఫ్రోడో వైపు ఒక క్లైమాక్స్ కావాలి, లేదు.

మొదటి కారణం నాకు మింగుడుపడలేదు. మొదటి సినిమాలోనే మాంత్రికుడు గాండాల్ఫ్ వద్దన్నాడు. ఎల్ఫుల దొరసాని గలాడ్రియెల్ వద్దంది. ఫ్రోడో అరచేతిలో పెట్టి చూపించినప్పుడు గొండోర్ సింహాసనానికి వారసుడైన అరగార్న్ మోకాళ్ల మీద కూర్చుని ఆ చిన్న చేతిని మూసేశాడు. ఆ సీను నవల్లో లేదు, వీళ్లే రాసుకున్నారు. ఎంత గొప్పగా వచ్చిందో! ఇంతమంది వద్దన్నాక ఉంగరం బలం తగ్గిందని ఏ ప్రేక్షకుడూ అనుకోలేదు. పైగా వాళ్ల మొహాల మీద ఆ వద్దనడానికి పడ్డ కష్టం చూసే మనం భయపడ్డాం. కాబట్టి ఫారమిర్ చేతా అలాగే అనిపించొచ్చు, గుహలో ఒక్క నిమిషం నిశ్శబ్దం చాలు.

రెండో కారణం వేరే సంగతి. దానికి నేను ఓడిపోయాను.

నవల చివర అనుబంధాలుంటాయి. వంశవృక్షాలు, భాషలు, లిపులు, వాటి మధ్య సంవత్సరాల వారీగా సంఘటనల పట్టిక. చాలామంది అక్కడిదాకా చదవరు. నేను ఒక వేసవి సెలవుల్లో పెన్సిల్ పట్టుకుని కూర్చుని, ఆ పట్టికలో తేదీలన్నీ కథలో సంబంధిత పేజీల పక్కన రాసుకున్నాను. కథంతా అర్థమైపోయిందనుకున్న నాకు అప్పుడు తల తిరిగింది. ఎందుకో చెప్పాలంటే నవల కట్టడం గురించి కొంచెం చెప్పాలి.

టోల్కీన్ రాసింది ఒకే నవల, లోపల ఆరు భాగాలు. యుద్ధం తర్వాతి బ్రిటన్‌లో కాగితం ఖరీదు, అమ్ముడవుతుందో లేదోనన్న భయం, వీటివల్ల ప్రచురణకర్తలు దాన్ని మూడు సంపుటాలుగా 1954-55లో తెచ్చారు. నడిమి సంపుటం ‘ది టూ టవర్స్’లో రెండు భాగాలున్నాయి. మొదటి దాంట్లో 11 అధ్యాయాలూ అరగార్న్, రోహన్ రాజ్యం, హెల్మ్స్ డీప్. ఆ 11 అధ్యాయాల్లో ఫ్రోడో మనకి ఒక్కసారి కూడా కనబడడు. రెండో దాంట్లో 10 అధ్యాయాలూ ఫ్రోడో, సామ్, గొల్లమ్. అప్పుడు అరగార్న్ జాడ ఉండదు. రెండు కథల్నీ రచయిత కలిపి నేయలేదు, ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు.

అలా పెట్టడంలో ఉన్న దెబ్బ చదివినవాళ్లకే తెలుస్తుంది. నడిమి సంపుటం చివర షీలోబ్ అనే పెద్ద సాలీడు కాటేసి ఫ్రోడో పడిపోతాడు, సౌరాన్ సైనికులైన ఓర్క్‌లు ఎత్తుకుపోతారు. ఆ తర్వాత 10 అధ్యాయాలు అతని సంగతే తెలియదు. మధ్యలో మోర్డోర్ నల్ల ద్వారం ముందు సౌరాన్ రాయబారి బయటికొచ్చి ఫ్రోడో కవచం, సామ్ కత్తి చూపిస్తాడు. గాండాల్ఫ్ గుండె జారిపోతుంది. మన గుండె కూడా, ఎందుకంటే ఆ తర్వాత ఫ్రోడో ఏమయ్యాడో గాండాల్ఫ్‌కి తెలియనట్టే మనకీ తెలియదు. సినిమా రెండు కథల్నీ మార్చి మార్చి చూపిస్తుంది కాబట్టి ఈ దెబ్బ కొట్టలేదు. ఆ రాయబారి సీను తీశారు గానీ థియేటర్ వెర్షన్లో పెట్టలేదు. తర్వాత వచ్చిన ఎక్స్‌టెండెడ్ వెర్షన్లో ఉంది, అక్కడా ఫ్రోడో బతికే ఉన్నాడని మనకి ముందే తెలుసు. తెరమీద రాయబారి నోరు ఎంత భయంకరంగా ఉన్నా ఆ సీను పేలదు.

మార్చి మార్చి చూపించక తప్పదా అంటే, తప్పదు. మూడు గంటల సినిమాలో గంటన్నర ఫ్రోడోని దాచేస్తే, ఇంటర్వెల్ తర్వాత అరగార్న్‌ని మాయం చేస్తే థియేటర్లో ఎవరూ కుదురుగా కూర్చోరు.

మార్చి మార్చి చూపించడం మొదలుపెట్టారంటే తేదీలు పట్టించుకోవాలి. ఇక్కడే నా పెన్సిల్ గీతలు పనికొచ్చాయి. హెల్మ్స్ డీప్ యుద్ధం మార్చి 3 రాత్రి. ఫ్రోడో ఫారమిర్‌కి దొరికింది మార్చి 7. షీలోబ్ గుహలోకి వెళ్లింది మార్చి 12. ఓర్క్‌లకి చిక్కింది 13. గొండోర్ రాజధాని మినాస్ తిరిత్ ముందు పెలెనోర్ మైదానంలో మహాయుద్ధం మార్చి 15. అంటే షీలోబ్ కథ నడిమి సంపుటంలో అచ్చయింది గానీ, కాలంలో చూస్తే మూడో సంపుటం మధ్యలో జరిగింది. హెల్మ్స్ డీప్‌తో పాటు దాన్ని చూపిస్తే ఫ్రోడో తొమ్మిది రోజులు ముందుకి పరిగెత్తినట్టు. సినిమావాళ్లు షీలోబ్‌ని మూడో సినిమాకి తోశారని తిట్టుకున్న నేను, టోల్కీన్ సొంత పట్టికే వాళ్ల పక్షాన ఉందని నా చేత్తో నేనే రాసుకున్న తేదీల్లో చూశాను.

అలా తోశాక ఏమయ్యింది? రెండో సినిమాలో ఫ్రోడోకి మిగిలింది చిత్తడి నేలల్లో నడక, నల్ల ద్వారం ముందు వెనక్కి తిరగడం, ఫారమిర్ గుహలో భోజనం. అవతల పదివేల మంది శత్రుసైన్యం కోటగోడలెక్కుతుంటే, ఇవతల హీరో ఒక పెద్దమనిషితో మాట్లాడి, అతను ఇచ్చిన తిండి మూటగట్టుకుని బయల్దేరితే రెండు కథలూ త్రాసులో తూగవు. ఫ్రోడో వైపు కూడా ఒక అడ్డంకి ఉండాలి. అందుబాటులో ఉన్న మనిషి ఒక్కడే. ఫారమిర్ అడ్డంకి అయ్యాడు. ఒస్గిలియత్ అలా పుట్టింది.

సినిమాలో సామ్ అక్కడ ఒక మాటంటాడు: న్యాయంగా అయితే మనం ఇక్కడ ఉండనే కూడదు. నవల్లో వాళ్లు ఒస్గిలియత్‌లో అడుగే పెట్టలేదని తెలిసిన అభిమానులందరికీ ఆ మాట దగ్గర ఒళ్లు జలదరిస్తుంది.

ఇది అర్థమయ్యాక ఫారమిర్ విషయంలో నా ప్రశ్న మళ్లీ వేసుకున్నాను. నవల్లో అతని పని, అన్న ఓడిపోయిన చోట తమ్ముడు నిలబడగలడని చూపించడం. సినిమాలో అతను తూలాడు, చివరికి నిలబడ్డాడు. నష్టం లేదని అనను. పుట్టుకతోనే నిలకడ ఉన్న మనిషి పోయాడు, దాంతో పాటు ఉంగరం రహస్యం కూడా రచ్చకెక్కింది. ఒస్గిలియత్‌లో ఫ్రోడో ఉంగరం చేతపట్టుకుని నాజ్‌గూల్ ముందు నిలబడ్డాక, అది ఎక్కడుందో సౌరాన్‌కి తెలియకపోవడం ఎలా కుదురుతుంది? దానికి సినిమాలో సమాధానం లేదు. అయినా పాత్ర చేయాల్సిన పని జరిగింది, ఆలస్యంగా. ఎక్స్‌టెండెడ్ వెర్షన్లో తండ్రి డెనెథర్, బోరొమిర్, ఫారమిర్ కలిసి కనిపించే పాత జ్ఞాపకం ఒకటి చేర్చారు. అన్నని కౌగిలించుకున్న తండ్రి, తమ్ముడి వైపు చూసే చూపుంటుంది. అది చూశాక ఈ కొత్త ఫారమిర్‌ని నేను క్షమించేశాను. తండ్రి మెప్పు కోసం ఆకలిగొన్న కొడుకు ఉంగరాన్ని పట్టుకెళ్లాలనుకోవడంలో తప్పేముంది?

మిగతా మార్పుల్ని త్వరగా చూసేస్తాను, ఎందుకంటే నా బాధ అక్కడ లేదు. నవల మొదట్లో హాబిట్లని ఆదుకునే టామ్ బాంబడిల్‌ని తీసేశారని ఇప్పటికీ కోపగించుకునేవాళ్లున్నారు. ఆయన కథని ముందుకి జరపడు, తీసేసినా కథ ఆగదు. నాకు బాధ కలిగించింది ఆయన వెంట పోయిన ఒక చిన్న కత్తి. సమాధి దిబ్బల్లోంచి తీసి బాంబడిల్ హాబిట్లకి ఇచ్చిన కత్తుల్ని, ఎన్నో వందల ఏళ్ల కింద నాజ్‌గూల్ నాయకుడైన మంత్రరాజుతో పోరాడిన జాతి అతని మీదికే చేసి పెట్టింది. పెలెనోర్ మైదానంలో మెర్రీ అనే హాబిట్ ఆ మంత్రరాజుని వెనకనుంచి పొడిచింది దానితోనే, ఆ పోటు అంత లోతుగా దిగింది అందుకే. సినిమాలో ఆ కత్తులు అరగార్న్ ఎక్కడినుంచో తెచ్చి పంచిన మామూలు కత్తులు.

రాజు కావడానికి వెనకాడే అరగార్న్ సినిమావాళ్ల సృష్టి. నవల్లో అతను విరిగిన తాతలనాటి కత్తిని వెంటబెట్టుకుని తిరుగుతాడు, తనెవరో అతనికి మొదటినుంచీ తెలుసు. ఈ మార్పు నాకు నచ్చింది, ఎందుకంటే విగో మోర్టెన్సెన్ ఆ సందేహాన్ని మొహంలో మోశాడు.

హెల్మ్స్ డీప్ సంగతి మాత్రం చెప్పకుండా ఉండలేను. 1950ల చివర్లో ఒక అమెరికన్ బృందం ఈ నవలని సినిమా తీస్తామని కథాసారం రాసి పంపితే, టోల్కీన్ దాన్ని చదివి వరసగా తప్పులు ఎత్తిచూపుతూ పెద్ద ఉత్తరం రాశారు. నడిచే చెట్లు ఎంట్‌ల కథనీ, కోట యుద్ధాన్నీ రెండింటినీ అర్థమయ్యేంత విపులంగా చూపించడం కుదరకపోతే ఒకటి తీసేయాలి, తీసేయాల్సింది కోట యుద్ధమే, ప్రధాన కథకి అది అంత ముఖ్యం కాదు అన్నారు. నవల్లో ఒక్క అధ్యాయమది. జాక్సన్ బృందం నెలల తరబడి రాత్రిళ్లు వానలో తడుస్తూ దాన్నే తీసి సినిమాకి వెన్నెముక చేసింది. రచయిత ముందుగా వదులుకుంటానన్నదే ప్రేక్షకులకి అన్నిటికన్నా గుర్తుండిపోయింది. ఆ ఉత్తరంలో నాకు ఇంకోటి కూడా కనిపించింది. కథని కుదించి అన్నీ కొంచెం కొంచెం పెట్టడం కన్నా, ఒకదాన్ని పూర్తిగా తీసేసి మిగిలినదాన్ని సరిగ్గా చెప్పడం ఆయనకి నయం. కోతలకి ఆయన వ్యతిరేకి కాదు. పాత్రల మనసు మార్చేస్తే ఒప్పుకోలేదు.

ఇక నవల చివర హాబిట్లు ఇంటికొచ్చేసరికి వాళ్ల పల్లె షైర్ పాడైపోయి ఉంటుంది. చెట్లు నరికేశారు, కొత్త ఆంక్షలు పెట్టారు, పెత్తనం సారుమాన్ అనే చెడిపోయిన మాంత్రికుడిది. వాళ్లే కత్తిపట్టి బాగుచేసుకోవాలి. ఈ అధ్యాయం కథకి అత్యవసరమని, మొదటినుంచీ అనుకున్నదని టోల్కీన్ తర్వాతి ముద్రణ ముందుమాటలో రాశారు. సినిమా దీన్ని పూర్తిగా వదిలేసింది. బదులుగా ఒక చిన్న సీను పెట్టింది: ఊరి సారా కొట్లో తిరిగొచ్చిన నలుగురు హాబిట్లూ బీరు మగ్గులు ముందేసుకుని కూర్చుంటారు. చుట్టూ జనం ఎవడో పండించిన పెద్ద గుమ్మడికాయ చూసి మురిసిపోతుంటారు. వీళ్లవైపు ఎవరూ చూడరు. నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకుని మాటల్లేకుండా మగ్గులు ఎత్తుతారు. యుద్ధం నుంచి తిరిగొచ్చినవాడు సొంత ఊళ్లో పరాయివాడైపోవడం ఆ అరనిమిషంలో ఉంది. అధ్యాయం చేసే పనిలో సగం అది చేసింది. సగమైనా బాగా చేసింది.

ఇప్పుడు అసలు చోటికి. షీలోబ్ గుహకి పోయే దారిలో కిరిత్ ఉంగోల్ మెట్లున్నాయి. నవల్లో ఆ మెట్ల అధ్యాయంలో పెద్దగా ఏమీ జరగదు. ఎక్కి ఎక్కి అలసిపోయిన ఫ్రోడో, సామ్ ఒక రాయి చాటున కూర్చుంటారు. మనం కూడా ఒక కథలోనే ఉన్నాం కదా అంటాడు సామ్. పాత కథల్లో వీరులు వెనక్కి తిరిగిపోయే అవకాశమున్నా పోలేదు, అందుకే వాళ్ల గురించి మనకి తెలుసు, రేపెవరో పొయ్యి దగ్గర కూర్చుని మన కథా చెప్పుకుంటారేమో అంటాడు. ఫ్రోడో నవ్వేస్తాడు. ఆ భయంకరమైన చోట అలాంటి నవ్వు వినబడి ఎన్ని యుగాలైందో.

తర్వాత ఇద్దరూ నిద్రపోతారు. సామ్ కూర్చుని ఒరిగిపోయాడు, ఫ్రోడో తల అతని ఒడిలో. అప్పుడు గొల్లమ్ తిరిగొస్తాడు. అప్పటికే షీలోబ్‌ని కలిసి, వీళ్లని ఆమెకి అప్పజెప్పడానికి సిద్ధమై వచ్చాడు. నిద్రపోతున్న ఇద్దర్నీ చూస్తాడు. వాడి మొహంలోంచి ఆ ఆకలి మెరుపు పోతుంది. కళ్లు మసకబారతాయి. ఏదో నొప్పి వచ్చినట్టు అటు తిరిగి కనుమవైపు చూసి, వద్దన్నట్టు తల ఆడిస్తాడు. మళ్లీ వచ్చి, వణుకుతున్న చెయ్యి మెల్లగా చాచి, ఫ్రోడో మోకాలు తాకీ తాకనట్టు తాకుతాడు. ఆ క్షణంలో ఎవరైనా చూసి ఉంటే, బతకాల్సిన కాలం కన్నా ఎక్కువ బతికి, తనవాళ్లందర్నీ పోగొట్టుకున్న ఒక అలసిపోయిన ముసలివాడు కనబడేవాడు అంటాడు టోల్కీన్.

ఫ్రోడో నిద్రలో కదులుతాడు. సామ్‌కి మెలకువొస్తుంది. గొల్లమ్ చెయ్యి యజమాని మీద ఉంది. ఏం చేస్తున్నావ్, ఎక్కడికి దొంగచాటుగా పోయొచ్చావ్ అని కసురుతాడు. గొల్లమ్ చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. కళ్లలో పచ్చటి మెరుపు తిరిగొస్తుంది. ఆ క్షణం పోయింది, ఇంక రాదు.

నవల మొత్తంలో తనకి అన్నిటికన్నా విషాదంగా తోచేది బహుశా ఈ చోటేనని టోల్కీన్ ఒక ఉత్తరంలో రాశారు. సామ్ తప్పేమీ లేదు, యజమానిని ప్రాణంలా కాపాడుకునేవాడు. ఆ మంచితనమే ఇంకొకడి మారే దారి మూసేసింది.

సినిమాలో ఈ అధ్యాయం ఏమైందో చూడండి. కథల గురించి సామ్ చెప్పిన మాటలు ఒస్గిలియత్‌కి పోయాయి. రెండో సినిమా చివర, హెల్మ్స్ డీప్ గెలుపు దృశ్యాల మీద షాన్ ఆస్టిన్ గొంతులో మనల్ని ఏడిపించే ఆ మాటలు మెట్ల మీదివే. క్లైమాక్స్ లేని సినిమాకి క్లైమాక్స్ కావాలి కదా, ఇక్కడినుంచి తెచ్చుకున్నారు. అంటే తేదీ వల్ల షీలోబ్ మూడో సినిమాకి పోయింది, షీలోబ్ పోవడం వల్ల ఫారమిర్ మారాడు, ఫారమిర్ మారడంతో ఒస్గిలియత్ పుట్టింది, ఒస్గిలియత్‌కి మాటలు కావాల్సొచ్చి మెట్లు ఖాళీ అయ్యాయి. మూడో సినిమా ఆ మెట్ల దగ్గరికొచ్చేసరికి అక్కడ చెప్పడానికేమీ మిగల్లేదు. ఖాళీలో కొత్త గొడవ పెట్టారు: గొల్లమ్ లెంబాస్ రొట్టెలు కొండమీంచి పారేసి, పొడి సామ్ బట్టల మీద చల్లి, తిన్నది వాడేనని చెబుతాడు. ఫ్రోడో నమ్మేసి సామ్‌ని ఇంటికి పొమ్మంటాడు.

ఇక్కడ నా ప్రశ్న వేస్తే మొదటిసారి జవాబు దొరకలేదు. నవల్లో ఆ క్షణం చేసే పని, గొల్లమ్‌కి కూడా ఒక తలుపు తెరుచుకుందని, అది మూతపడిందని చూపించడం. సినిమాలో గొల్లమ్ రెండో భాగం చివరే కుట్ర ఖాయం చేసుకుంటాడు. మూడో సినిమాలో చచ్చేదాకా వాడిలో మళ్లీ ఊగిసలాటే లేదు. తన ఆకలి తీర్చుకోవడానికి ఎత్తులు వేసే కేవలం ఒక విలన్. పైగా సామ్ ఇక్కడ అన్యాయానికి బలైనవాడు అయిపోయాడు. నవల్లో అన్యాయం చేసింది సామ్, తెలియక.

ఇది ఒక సీనుతో ఆగే సంగతి కాదు. నవల చివర అగ్నిపర్వతం అంచున ఫ్రోడో ఓడిపోతాడు. ఉంగరం నాదే అని వేలికి పెట్టుకుంటాడు. గొల్లమ్ ఆ వేలు కొరికి ఉంగరం లాక్కుని, ఆనందంతో గంతులేస్తూ కాలు జారి పడిపోతాడు. లోకాన్ని కాపాడింది ఏ వీరుడి బలమూ కాదు, వాణ్ని చంపడానికి అవకాశమున్నప్పుడల్లా జాలిపడి వదిలేసిన చేతులు. మొదట ఫ్రోడో కన్నా ముందు ఆ ఉంగరం దగ్గరుంచుకున్న బిల్బో, తర్వాత ఫ్రోడో, చివరికి ఆ కొండ మీదే సామ్ కూడా. వాడే లేకపోతే నేను ఉంగరాన్ని నాశనం చేయలేకపోయేవాణ్ని, అందుకే వాణ్ని క్షమిద్దాం అంటాడు ఫ్రోడో. సినిమాలో ఫ్రోడో లేచి గొల్లమ్ మీద పడతాడు, పెనుగులాటలో ఇద్దరూ అంచు దాటతారు. మొదట ఫ్రోడో వాణ్ని తోసేసినట్టే తీశారట, అది హత్యలా ఉందని వాళ్లకే అనిపించి మళ్లీ తీశారు. మళ్లీ తీసినదాంట్లో కూడా ఉంగరాన్ని పడేసింది పెనుగులాటే. క్షమిద్దాం అనే మాట లేదు.

ఆ మాటకి బరువొచ్చేది మెట్ల మీద వణికిన చెయ్యి వల్ల. అదే లేకపోతే ఎవర్ని క్షమించాలి, ఎందుకు?

నాకు ఇంకా బాధేమిటంటే, ఈ సినిమాలకి అది తీసే సత్తా లేక కాదు. ఆండీ సెర్కిస్ మొహంలోంచి తీసుకున్న గొల్లమ్, రెండో సినిమాలో ఒక్క డిజిటల్ మొహం మీద ఇద్దరు మనుషుల్ని చూపించాడు. వాడిలోని మంచి సగమైన స్మీగల్ “వెళ్లిపో, ఇంక రాకు” అని గెలిచినప్పుడు థియేటర్లో చప్పట్లు కొట్టాం. ఆ మొహానికి ఈ సీను ఇస్తే డైలాగ్ ఒక్కటి కూడా అక్కర్లేదు. రాయి చాటు, నిద్రపోతున్న ఇద్దరు, చాచిన చెయ్యి, సామ్ కసురు. నిమిషం, నిమిషంన్నర. మూడో సినిమా థియేటర్ వెర్షన్ 3 గంటల 21 నిమిషాలు.

నా పాత కాపీలో ఆ పేజీ పక్కన మార్చి 11 అని పెన్సిల్‌తో రాసుంది. పట్టికలో టోల్కీన్ ఆ తేదీ పక్కన రాసింది ఇంతే: గొల్లమ్ షీలోబ్ దగ్గరికి పోయాడు, కానీ నిద్రపోతున్న ఫ్రోడోని చూసి దాదాపు పశ్చాత్తాపపడ్డాడు. రాజ్యాల చావుబతుకుల లెక్కలున్న పట్టికలో, ఎవరూ చూడని ఆ ఒక్క క్షణానికి ఆయన చోటిచ్చారు.